డబ్బింగ్ చెప్పడం

(జెద్దా నగరం, అల్ అజీజియాలో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"సినిమా మీద ఏదైనా మాట్లాడు" అని కార్యవర్గం వారు అన్నప్పుడు, సినిమా మీద మాట్లాడే అర్హత నాకేముందని కాసేపు ఆలోచించాను. నేను చదివింది ఇంజినీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. సినిమాల్ని డబ్బు పెట్టి చూసిన అనుభవం తప్ప, తీసిన అనుభవం లేదు. అయితే ఒక్క మాట ఉంది. ఆ మాటతో నాకు ఉద్యోగరీత్యా, ఇంటిరీత్యా, ఈ ఊరిరీత్యా కూడా చుట్టరికం ఉంది. ఆ మాట "డబ్బింగ్". ఈ ఇరవై నిమిషాలూ దాని గురించే చెబుతాను. వినగానే "ఓస్, ఇంతేనా" అనిపించే మాట. విప్పుతూ పోతే మన బతుకుల దాకా వస్తుంది.

ముందు పుట్టుక సంగతి. డబ్బింగ్‌కీ డబ్బుకీ సంబంధం లేదు. డబ్బాకీ అసలే లేదు. ఇంగ్లీషులో "డబుల్" అనే మాటను కురచ చేస్తే "డబ్" అయింది. మూకీలు పోయి టాకీలు వచ్చిన 1920ల చివర్లో ఈ వాడుక మొదలైంది. ఉన్న బొమ్మకి ఇంకో శబ్దాన్ని జత చేయడం, అంటే రెట్టింపు చేయడం. పూర్వం రాజుగారు కత్తి భుజానికి తాకించి వీరుడి బిరుదు ఇవ్వడాన్ని కూడా ఇంగ్లీషులో "డబ్" అనే అంటారు గానీ, అది వేరే మాట. రెండింటికీ రూపమే ఒకటి.

ఫ్రెంచి వాళ్లు ఇదే పనిని "దుబ్లాజ్" అన్నారు. అది ఫ్రెంచి నుంచి అరబ్బీలోకి వచ్చి "దబ్లజ" అయింది. ఇక్కడ మనం రోజూ చూసే టీవీలో "ముదబ్లజ్" అంటే డబ్బింగ్ చేసినది అని అర్థం. అరబ్బీ వాళ్ల చమత్కారం చూడండి. పరాయి మాటను ఊరికే తీసుకోలేదు. ద, బ, ల, జ అనే నాలుగు హల్లుల ధాతువుగా మార్చేసుకుని, దాని నుంచి క్రియలు, విశేషణాలు అన్నీ పుట్టించుకున్నారు. పారిస్ నుంచి వచ్చిన మాట ఇక్కడ పుట్టినట్టే తిరుగుతోంది.

మరి మనమేం చేశాం? మనం ధాతువును మార్చలేదు, పక్కన క్రియను చేర్చాం. ఆ చేర్చడంలోనే మన భాష తెలివి ఉందని నా నమ్మకం. ఇంగ్లీషులో సినిమాను "డబ్" చేస్తారు, పాత్రనూ "డబ్" చేస్తారు. తెలుగులో అలా కాదు. సినిమాకి "డబ్బింగ్ చేస్తారు". మనిషికి "డబ్బింగ్ చెబుతారు". నిర్మాత చేసేది డబ్బింగ్ చేయడం, కళాకారుడు చేసేది డబ్బింగ్ చెప్పడం. కథ చెప్పినట్టు, పాఠం చెప్పినట్టు, సాక్ష్యం చెప్పినట్టు డబ్బింగ్ చెప్పడం. ఈ తేడాను ఏ పండితుడూ కూర్చుని నిర్ణయించలేదు. మద్రాసు స్టూడియోల్లో, హైదరాబాదు రికార్డింగ్ థియేటర్లలో వాడుకలో స్థిరపడిపోయింది.

వాడుకలో ఈ మాటకి కనీసం నాలుగు అర్థాలున్నాయి.

మొదటిది, నటుడు తన పాత్రకి తనే తర్వాత గొంతు ఇవ్వడం. "హీరోగారు డబ్బింగ్ చెబుతున్నారు" అంటే షూటింగ్ అయిపోయింది, ఇప్పుడు థియేటర్లో కూర్చుని తన పెదాలు చూసుకుంటూ మాటలు మళ్లీ చెబుతున్నారని. రెండోది, తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది. మూడోది, ఒక భాషలో తీసిన సినిమా మొత్తాన్ని ఇంకో భాషలోకి దించడం. పత్రికలవాళ్లు దీన్ని "అనువాద చిత్రం" అంటారు, జనం "డబ్బింగ్ సినిమా" అంటారు. నాలుగోది ఇప్పటి పిల్లలకు తెలియదు. ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కి పాటలు ఎక్కించడం. గల్ఫ్ నుంచి ఎవరైనా వస్తున్నారంటే ఊరంతా ఎదురుచూసిన డబుల్ క్యాసెట్ టూ-ఇన్-వన్ మీద "డబ్బింగ్" అని ఒక మీట ఉండేది. గుర్తుందా? ఇక్కడ ముప్పయ్యేళ్ల కిందట వచ్చిన పెద్దలు నవ్వుతున్నారు. వాళ్లకి గుర్తుంది.

ఇంకో మూడు మాటలతో దీన్ని కలగలపకూడదు. "రీమేక్" అంటే కథ తీసుకుని మళ్లీ తీయడం. అందులో నటులు వేరు, బొమ్మ వేరు. "ప్లేబ్యాక్" అంటే పాట ముందే రికార్డు చేసి, దానికి తగ్గట్టు నటుడు పెదాలు కదపడం. డబ్బింగ్ దానికి సరిగ్గా తిరగేసిన పని. ప్లేబ్యాక్‌లో పెదాలు గొంతును వెంబడిస్తాయి, డబ్బింగ్‌లో గొంతు పెదాలను వెంబడిస్తుంది. ఇక "రీరికార్డింగ్" అన్న మాటకి ఇంగ్లీషులో శబ్దాలన్నీ కలిపి మళ్లీ ముద్రించడమని అర్థం. మనవాళ్లు, తమిళులు దాన్ని నేపథ్య సంగీతానికి వాడుతున్నారు. తప్పని నేననను. మాట ఎక్కడ పుట్టినా, వాడేవాళ్లదే చివరి తీర్పు.

అసలు డబ్బింగ్ ఎందుకు కావలసి వచ్చింది? తొలి టాకీల రోజుల్లో మైకు ముందే మాట్లాడాలి, మైకు ముందే పాడాలి. 1932లో వచ్చిన మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" కాలంలో వేరే దారి లేదు. తర్వాత కెమెరా స్టూడియో దాటి పొలాల్లోకి, రోడ్ల మీదికి వెళ్లింది. బయటంతా గోల. పైగా మన దేశంలో విస్తారంగా వాడిన ఆరిఫ్లెక్స్ 2సి వంటి తేలికపాటి కెమెరాలు నడుస్తుంటే కుట్టుమిషన్‌లా చప్పుడు చేసేవి. ఆ చప్పుడులో మాటలు పనికిరావు. అందుకని షూటింగులో గుర్తు కోసం ఒక పైలట్ ట్రాక్ పట్టి, అసలు మాటలు తర్వాత థియేటర్లో చెప్పించడం అలవాటైంది. ఫిల్ము ముక్కను రెండు కొసలూ కలిపి వలయంగా అంటించి, అదే దృశ్యం మళ్లీ మళ్లీ తిరిగేలా చేసేవారు. దాన్ని "లూప్" అనేవారు. కళాకారుడు ఆ నాలుగు క్షణాల బొమ్మను పదిసార్లు చూసి, పదకొండోసారి మాట పెట్టేవాడు. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద జరుగుతోంది, అంతే తేడా. 2001లో "లగాన్" షూటింగు స్థలంలోనే శబ్దం పట్టినప్పుడు అదొక వింతగా చెప్పుకున్నారంటే, అప్పటికి మనకి డబ్బింగ్ ఎంత సహజమైపోయిందో చూడండి.

ఇక్కడ నాలోని ఇంజినీరు కాస్త మాట్లాడతాడు, క్షమించాలి. సినిమాలో క్షణానికి 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. శబ్దం బొమ్మ కన్నా ముందొస్తే సుమారు 45 మిల్లీసెకన్లకే మనం పసిగడతాం. వెనకబడితే మాత్రం సుమారు 125 మిల్లీసెకన్ల దాకా గుర్తుపట్టం. ఇవి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ప్రసారాల కోసం ఇచ్చిన లెక్కలు. ఈ తేడా ఎందుకు? ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ వెనకే వస్తుంది కాబట్టి. మెరుపు ముందు, ఉరుము తర్వాత. చాకిరేవులో గుడ్డ బండను తాకడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. తిరగబడితే మనసు ఒప్పుకోదు. అంటే డబ్బింగ్ చెప్పేవాడి తప్పుకి ఒక ఫ్రేము నుంచి మూడు ఫ్రేముల దాకా మాత్రమే చోటు. ఆ సందులో ఏడవాలి, నవ్వాలి, అరవాలి.

రాసేవాడి కష్టం ఇంకా ఎక్కువ. మన అక్షరాల్లో ప, ఫ, బ, భ, మ అనే అయిదింటికి పెదాలు కలవాలి. వ్యాకరణం వీటిని ఓష్ఠ్యాలంది. తెర మీద దగ్గరి షాటులో పెదాలు మూసుకుంటే అక్కడ ఈ అయిదింటిలో ఒకటి పడి తీరాలి. మూసుకోకపోతే పడకూడదు. మన పూర్వకవులు ఓష్ఠ్యాలే లేకుండా నిరోష్ఠ్య కావ్యాలు రాశారు. మరింగంటి సింగరాచార్యుల "దశరథరాజనందన చరిత్ర" అటువంటిదే. ఆయన ఆ కట్టుబాటు తనకు తానే పెట్టుకున్నాడు. డబ్బింగ్ రచయితకి దాన్ని ఇంకో భాష నటుడి పెదాలు పెడతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. తమిళంలో "నాన్ వరమాట్టేన్" అంటే "నేను రాను" అని. మధ్యలో "మా" దగ్గర పెదాలు మూసి తెరిచాయి. "నేను రాను"లో మూసే అక్షరమే లేదు, పైగా పొట్టి. ఏం చేయాలి? "నేను మాత్రం రాను" అనాలి. మూత పడింది, నిడివి సరిపోయింది. డబ్బింగ్ సినిమాల్లో ప్రతివాడూ "మాత్రం, మాత్రం" అంటాడెందుకని నవ్వుకునేవాళ్లకి ఇదీ జవాబు. ఇంకొకటి. తమిళంలో "వేండామ్" అంటే "వద్దు". మొదట్లో "వ" కలిసింది, కానీ చివర వాళ్ల పెదాలు మూసుకున్నాయి. మనది అజంత భాష, మాట చివర నోరు తెరుచుకునే ఉంటుంది. అందుకని "వద్దంటున్నాం" అనో, "వద్దు మేడమ్" అనో పెదాలు మూసే దారి వెతుక్కోవాలి. "అనవసరం" అంటే మూత సరిపోతుంది, కానీ ఈ మాట పూర్తయ్యేసరికి ఆ పాత్ర గది దాటి వెళ్లిపోతుంది!

నా ఉద్యోగంలో కూడా సరిగ్గా ఇదే గొడవ. ఇంగ్లీషులో చేసిన సాఫ్ట్‌వేరును అరబ్బీలోకి మారుస్తాం. మీట మీద ఉన్న చోటు అంతే, మాట పొడుగు వేరు, రాసే దిశ కూడా వేరు. అర్థం సరిగ్గా ఉంటే చోటు చాలదు, చోటు సరిపోతే అర్థం చాలదు. ఈ రెండింటి మధ్య నలిగినవాడికే డబ్బింగ్ రచయిత విలువ తెలుస్తుంది.

తెలుగులో మొదటి డబ్బింగ్ సినిమా "ఆహుతి", 1950లో వచ్చింది. "నీరా ఔర్ నందా" అనే హిందీ చిత్రానికి తెలుగు రూపం. దానికి మాటలు, పాటలు రాసినవారు శ్రీశ్రీ. ఆ 1950లోనే "మహాప్రస్థానం" పుస్తకంగా అచ్చయింది. ఒకే ఏడు, ఒకే కలం. ఒకచోట ఏ కట్టుబాటునూ లెక్కచేయని కవి, ఇంకోచోట పరాయి పెదాలకు లొంగి మాత్రలు లెక్కపెట్టుకున్న కవి. చిన్నతనంగా భావించకుండా ఆయన తర్వాత కూడా ఆ పని చేశారు. ఆరుద్ర, అనిసెట్టి సుబ్బారావు కూడా చేశారు. ఆ తర్వాతి తరంలో రాజశ్రీ. 1992 నాటి "రోజా" పాటలు తెలుగులో విన్నప్పుడు అవి వేరే భాషలో పుట్టాయన్న స్పృహ మనలో ఎంతమందికి కలిగింది? డబ్బింగ్ అన్న మాట గుర్తుకు రాకపోవడమే డబ్బింగ్ రచయితకి కీర్తి. అదే ఆయన దురదృష్టం కూడా.

పక్క రాష్ట్రంలో కథ వేరుగా నడిచింది. కర్ణాటకలో 1960ల ఉద్యమం తర్వాత కన్నడంలోకి డబ్బింగ్ దాదాపు అయిదు దశాబ్దాలు ఆగిపోయింది. చట్టం ఏదీ లేదు, పరిశ్రమ కట్టుబాటు అంతే. సొంత సినిమా నిలబడాలన్న ఆరాటం దానికి మూలం. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ కట్టుబాటు చెల్లదని తీర్పు చెప్పింది. 2017లో అజిత్ తమిళ చిత్రం "సత్యదేవ్ ఐపీఎస్" పేరుతో కన్నడంలో విడుదలైంది. మన దగ్గర సినిమాకి ఎప్పుడూ తలుపు తెరిచే ఉంది. టీవీ సీరియళ్ల విషయంలో మాత్రం 2011, 12 ప్రాంతాల్లో మన కళాకారులు కూడా పనులు పోతున్నాయని రోడ్డెక్కారు. ఇద్దరి వాదనలోనూ పస ఉంది. తలుపు మూస్తే ఇంట్లోవాడికి అన్నం, తెరిస్తే ఇంట్లోవాడికి లోకం. మనం తెరిచాం కాబట్టే కమల్ హాసన్, రజనీకాంత్ మనవాళ్లయిపోయారు. ఆ తలుపులోంచే తిరుగుదారిలో 2015లో "బాహుబలి" హిందీకి వెళ్లింది, ప్రభాస్‌కి శరద్ కేల్కర్ గొంతిచ్చారు. 2021లో "పుష్ప"కి శ్రేయస్ తల్పడే చెప్పారు. 2022లో "ఆర్ఆర్ఆర్" వచ్చేసరికి ఎన్టీఆర్, రామ్‌చరణ్ హిందీ కూడా తామే చెప్పుకున్నారు.

ఇక చెప్పినవాళ్ల సంగతి. మన సినిమాలో గొంతు ఇచ్చినవాళ్లని లెక్కపెడితే ఈ సాయంత్రం చాలదు. బాల ప్రహ్లాదుడిగా మనకు తెలిసిన రోజారమణి పెద్దయ్యాక ఎందరు కథానాయికలకు గొంతయ్యారో. సరిత తను గొప్ప నటి అయి ఉండీ ఇతర నటీమణులకు చెప్పారు. సుమన్, రాజశేఖర్ తెర మీద గర్జిస్తే ఆ గర్జన పి.జె.శర్మ గారి అబ్బాయి సాయికుమార్‌ది. అన్నేళ్లు తెలుగులో ఇతరుల ముఖాల వెనక ఉన్న ఆ గొంతు 1996లో కన్నడ "పోలీస్ స్టోరీ"లో సొంత ముఖంతో బయటికొచ్చింది. ఆ సినిమా మళ్లీ డబ్బింగ్ అయి మన దగ్గరికొచ్చింది! గొంతు మనకి ముందే చుట్టం, మనిషి డబ్బింగ్ దారిన వచ్చాడు. ఆయన తమ్ముడు రవిశంకర్ 2009లో "అరుంధతి"లో సోనూ సూద్‌కి చెప్పిన గొంతు ఎంత పేరు తెచ్చిందంటే, "బొమ్మాళి" అన్నది ఆయన ఇంటిపేరయిపోయింది. సూర్య, అజిత్, విక్రమ్ తెలుగులో మాట్లాడారంటే అది శ్రీనివాసమూర్తి. ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు. ఆ వార్త చదివి మన వాట్సాప్‌లలో చాలామంది "ఈయనెవరు?" అని అడిగారు. ఫోటో చూస్తే తెలియలేదు. ఒక్క సీను వినిపిస్తే అందరికీ తెలిసింది.

అన్నింటికీ మించి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు. "మన్మథలీల" తెలుగు రూపంతో మొదలుపెట్టి కమల్ హాసన్‌కి దశాబ్దాల పాటు మాటయ్యారు. "గాంధీ" తెలుగులో బెన్ కింగ్స్‌లీకి చెప్పారు. 1997 నాటి "అన్నమయ్య"లో వేంకటేశ్వరుడిగా నటించిన సుమన్‌కి చెప్పి నంది పురస్కారం తీసుకున్నారు. 2008లో "దశావతారం"లో కమల్ పది వేషాలు వేస్తే ఏడింటికి ఆయనే గొంతు మార్చి చెప్పారు, ఆడవేషంతో సహా. పాటగాడిగా ఆయనకు దక్కిన దండల్లో నూరోవంతు ఈ పనికి దక్కలేదు.

ఎందుకిలా? పాడినవాడి పేరు రికార్డు మీద పడింది, చెప్పినవాడి పేరు ఎక్కడా పడలేదు. పాడినవాళ్లకి కూడా మొదట్లో పడలేదు లెండి. 1949లో "మహల్" సినిమా రికార్డు మీద మొదట లతా మంగేష్కర్ పేరు లేదు, పాత్ర పేరు "కామిని" అనే ఉంది. జనం అడిగారు, పేరు వచ్చింది. డబ్బింగ్ విషయంలో మనం అడగలేదు. పైగా దానికి "గాత్రదానం" అని ఒక అందమైన పేరు పెట్టాం. దానం అంటే ప్రతిఫలం ఆశించనిది. అది దానం కాదండీ, వృత్తి. గంటల తరబడి నిలబడి, గొంతు చించుకుని చేసే కష్టం. నా మటుకు నాకు "గాత్రం: ఫలానా" అని పేరు పక్కన పేరు వేస్తే చాలు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఈ అజీజియాలో మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, సందులో ఉర్దూ, అంగట్లో నాలుగు అరబ్బీ ముక్కలు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఇంట్లో మనం మాట్లాడే తెలుగు ఎంత? "తిన్నావా, చదివావా, పడుకో." మిగతా తెలుగంతా వాళ్లకి తెర మీంచే వస్తోంది, అందులో ఎక్కువ భాగం డబ్బింగ్ తెలుగు. "డబ్బింగ్ తెలుగు" అన్నది ఇప్పుడు ఒక యాసలాగా తయారైంది. ఏ ఊరిదీ కాదు, ఏ కులానిదీ కాదు, ఏ జిల్లా నీళ్లూ అందులో లేవు. "నువ్వు దీనికి తగిన మూల్యం చెల్లిస్తావు" అని మా మిత్రుడి అబ్బాయి వాళ్ల చెల్లెలితో అంటే అందరం నవ్వాం. ఆ పిల్ల పెన్సిల్ విరిచినందుకు! "నీ పని చెప్తా" అనడం వాడికి తెలియదు. వాడికి ఎవరూ అనలేదు.

ఈ బాధ మనకొక్కరికే కాదు. అరబ్బులకీ ఉంది. డిస్నీ కార్టూన్లు ఏళ్ల తరబడి ఈజిప్టు వాడుకలో వచ్చేవి. 2013లో "ఫ్రోజెన్" చిత్రాన్ని గ్రాంథికమైన ప్రామాణిక అరబ్బీలో చేస్తే, పిల్లలు ఇంట్లో మాట్లాడని భాషలో మంచురాణి పాడుతోందని పెద్ద చర్చ నడిచింది. అందరికీ ఒకటే భాష ఉండాలని ఒకరు, ఇంటి వాసన ఉండాలని ఒకరు. మరోపక్క 2008లో "నూర్" అనే టర్కీ సీరియల్‌ని సిరియా వాడుకలో డబ్బింగ్ చేస్తే అరబ్బు దేశాలన్నీ టీవీలకు అతుక్కుపోయాయి. ఇంటిమాట ఉంటే పరాయి కథ కూడా ఇంటికథ అవుతుందన్నమాట. గిడుగు వారు చెప్పిన పాఠమే మళ్లీ మనకి ఎర్రసముద్రం ఒడ్డున ఎదురవుతోంది.

అయితే నన్ను ఈ మాట దగ్గర ఆపింది సినిమా కాదు. ఒక ఆసుపత్రి. పేరు అక్కర్లేదు. మా ఎరికలో ఒక తమ్ముడు, జగిత్యాల వైపు మనిషి, ఛాతీలో మంటని వెళ్లాడు. డాక్టరుకి తెలుగు రాదు, ఇతనికి అరబ్బీ, ఇంగ్లీషు రావు. మా మిత్రుడొకడు మధ్యలో నిలబడి చెబుతున్నాడు. నేను పక్కనున్నాను. ఈ తమ్ముడు అయిదు నిమిషాలు చెప్పాడు. రాత్రి ఎప్పుడు మొదలైంది, ఎండలో మోత మోస్తున్నప్పుడు ఎడం చెయ్యి ఎలా లాగింది, వాళ్ల నాయన చిన్న వయసులోనే ఎలా పోయాడు, అన్నీ. మా మిత్రుడు రెండు వాక్యాల్లో ముగించాడు. అప్పుడు ఆ తమ్ముడు నావైపు తిరిగి అన్నాడు: "సారూ, నేను గింతసేపు చెప్పిన. ఆయన రెండే ముక్కలు చెప్పిండు. మిగిలినయి యాడ వోయినయి?"

మా మిత్రుడు మంచివాడు. వెంటనే మళ్లీ మొదలుపెట్టి, ఎడం చెయ్యి సంగతి, తండ్రి సంగతి అన్నీ చెప్పాడు. డాక్టరు రాసిన కాగితం చించేసి, ఇంకో పరీక్ష రాశాడు. ఆ తమ్ముడు ఇవాళ మూడో వరసలో కూర్చుని ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మిగిలినవి ఎక్కడికి పోయాయి? మనలో అరబ్బీయో ఇంగ్లీషో వచ్చినవాళ్లందరం ఇక్కడ ఎవరో ఒకరికి డబ్బింగ్ చెబుతూనే ఉంటాం. కఫీల్ దగ్గర, పోలీసు స్టేషన్లో, లేబర్ ఆఫీసులో, విమానాశ్రయంలో. సినిమాలో రచయిత పెదాలకు సరిపోవడం కోసం ఒక "మాత్రం" ఎక్కువ వేస్తాడు. మనం తొందర కోసం ఒక తండ్రి చావును తగ్గిస్తాం. బాలుగారు కమల్ హాసన్ ఊపిరి తీసుకున్న చోట తనూ ఊపిరి తీసుకున్నారు, ఆయన గొంతు వణికిన చోట తన గొంతు వణికించారు. తెర మీది కల్పిత మనిషికే అంత శ్రద్ధ చూపితే, బల్లకి అవతల నిలబడ్డ నిజం మనిషికి ఎంత చూపాలి? "చెప్పడం" అన్న క్రియను మనవాళ్లు ఊరికే చేర్చలేదు. సాక్ష్యం చెప్పినట్టే అది.

ఒకప్పుడు మన పెద్దలు ఇక్కడి నుంచి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవారు. చదువు రాని భార్య టేప్ రికార్డర్ ముందు కూర్చుని భర్త గొంతు వినేది. మధ్యలో ఎవరూ లేరు. పక్కింటి కుర్రాడు చదివిపెడితే సిగ్గుపడి దాటేసే మాటలు కూడా అందులో ఉండేవి. మనిషి రాలేకపోయినా గొంతు ఊరు చేరింది. గొంతుకి ఉన్న విలువ గల్ఫ్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. పోయినవాళ్ల గొంతును కూడా యంత్రం పలికిస్తోంది. 2024లో "లాల్ సలామ్" కోసం ఏ.ఆర్.రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి వాడానని ప్రకటించారు. అదే ఏడు, తండ్రి గొంతును అనుమతి లేకుండా యంత్రంతో పలికించారని ఎస్పీ చరణ్ ఒక తెలుగు సినిమా నిర్మాతలకు లీగల్ నోటీసు పంపారు. ఈ పనిముట్లు తయారుచేసే వర్గంలో నేనూ ఒకణ్ణి. అవి చెడ్డవని నేను అనను. రేపు ఆసుపత్రిలో ఆ తమ్ముడి తెలుగును ఫోనే అరబ్బీలో చెబితే మంచిదే. కానీ ఆ ఫోనుకి జగిత్యాల తెలుగు అర్థం కావాలి, డబ్బింగ్ తెలుగు మాత్రమే కాదు. అది తెలియాలంటే ఆ తెలుగు ఎక్కడో ఒకచోట మాటల్లో, రాతల్లో, రికార్డుల్లో ఉండాలి. అక్కడ ఉంచాల్సింది మనమే.

అందుకని మూడు చిన్న కోరికలు. సినిమా చూశాక పేర్లు పడుతున్నప్పుడు లేవకుండా, ఎవరి గొంతో వెతకండి, పిల్లలకు చెప్పండి. 2018 ఏప్రిల్లో ఈ దేశంలో థియేటర్లు మళ్లీ తెరుచుకున్నాయి కాబట్టి ఆ అవకాశం ఇప్పుడు ఇక్కడ కూడా ఉంది. రెండోది, వారానికి ఒక్క గంట పిల్లలతో మీ ఊరి తెలుగులో మాట్లాడండి. కోనసీమదైనా, కడపదైనా, కరీంనగర్‌దైనా. తిట్లతో సహా, కొంచెం ఏరి. మూడోది, ఎవరికైనా మధ్యలో నిలబడి మాట చెప్పాల్సి వస్తే, అవతలి మనిషి చెప్పినంతా చెప్పండి. మన పెదాలు కదులుతున్నా, ఆ గొంతు వాళ్లది.

 వెనక భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు నా మాటల కన్నా ముందుగా వినిపిస్తోంది. 45 మిల్లీసెకన్లు దాటినట్టుంది. సెలవు.